తెరచాపకు తెల్లబట్ట

తిరుపతి,
8 జూన్ 2025

అన్నకు,

నీ చెల్లెలు ప్రసన్నకుమారి దండం పెట్టి రాస్తోంది. నీ మోకాలు ఎట్లా ఉంది? వదిన షుగర్ మాత్రలు వేళకు వేసుకుంటోందా? ఈ రెండు ముక్కలూ ఫోనులో అడుగుదామంటే నలభై ఏళ్ల మరమగ్గాల మోత నీ చెవులను తినేసింది. నేను అరవాలి, నువ్వు "ఆఁ, ఆఁ" అనాలి, వీధి వీధంతా మన ఇంటి సంగతులు వినాలి. అందుకే ఈ కాగితాల గొడవ.

మేం బాగున్నాం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మా ఇంట్లో పడవ కడుతున్నారు. హాస్యం కాదు, నిజంగానే. డిపోలో ముప్పై మూడేళ్లు బస్సులు బాగుచేసి రిటైరైన మా ఆయన, ఏడాది పాటు ఊరికే కూర్చుని, ఇప్పుడు ఉన్నట్టుండి పడవ మొదలుపెట్టాడు. మూడడుగుల బొమ్మ పడవ. దాన్ని చెరువులో వదిలి, తను గట్టున నిలబడి, చేతిలో రిమోటుతో నడుపుతాడట. ఇంజను ఉండదు, గాలికే పోవాలి. రిమోటు చేసేదల్లా తెరచాప తాడును లాగడం, వదలడం, వెనక చుక్కానిని తిప్పడం. పక్కింటి పాల్ కూడా తోడయ్యాడు. ఆయన కండక్టరుగా చేశాడు కాబట్టి "రైట్ రైట్" అనడానికి పనికొస్తాడేమో.

పడవ అడుగున బరువు లేకపోతే గాలికి పక్కకు ఒరిగిపోతుందని, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించి, అమ్మ నాకిచ్చిన గుంత పొంగనాల పెనంలో పోశాడు. ఆ పెనాన్ని నేనింక ముట్టను. పెరట్లోకి విసిరేస్తే మళ్లీ ఏరుకొచ్చుకున్నాడు. నీళ్లు ఎక్కుతున్నాయో లేదో చూడాలని తాగేనీళ్ల డ్రమ్ములో పడవను తేలవేశాడు. పుట్టీ, పెయింటూ కలిసి నీళ్ల మీద ఒకటే తెట్టు. ఇదేం పని అంటే, "తెట్టు తీసి పారబోసి వాడుకో, సచ్చిపోములే" అంటాడు. హాల్లో అడుగు పెడితే కాలికి జిగురు, అన్నంలో రంపపు పొట్టు. ఒక్కోసారి నాకు వాంతి వచ్చినంత పనవుతోంది.

నీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను? నువ్వు మా గడప తొక్కి ఆరేళ్లయింది. మా భవిత పెళ్లినాడు భోజనం మధ్యలో లేచి వెళ్లినవాడివి, దాని బిడ్డకు ఇప్పుడు నాలుగేళ్లు, ఆ బిడ్డను నువ్వు ఇంతవరకూ చూడలేదు. ఒక్కసారి వచ్చిపో అన్నా. ఆయన పడవ పెట్టుకుని ఒక మూల కూర్చుంటాడు, మనం ఇంకో మూల కూర్చుందాం.

నీ చెల్లెలు,
ప్రసన్న


నగరి,
13 జూన్ 2025

చిరంజీవి ప్రసన్నకు,

అన్న కోదండం ఆశీర్వదించి రాయునది. నా మోకాలు అట్లాగే ఉంది. మీ వదిన మాత్రలు వేసుకుంటుంది, మైసూర్‌పాకూ తింటుంది. రెండూ వేళ తప్పవు.

ఉత్తరం తెరిస్తే మొదటి పేజీ నుంచి ఆఖరు దాకా ఆ మనిషే. ఆ మనిషి సీసం, ఆ మనిషి తెట్టు. నాకు రోత పుట్టింది. ఈ ఊళ్లో ఉన్న రోత చాలదా? వీధి కాలువలో అద్దకం షెడ్ల నుంచి పొద్దున ఎర్రనీళ్లు, సాయంత్రం పచ్చనీళ్లు. మన నాగరాజు నా కన్నకొడుకై ఉండీ మగ్గాల మీద ఏదో నైలాను దారం ఎక్కించి దానికి పట్టు అని పేరు పెడుతున్నాడు. అడిగితే "కొనేవాళ్లు ఉండారు నాయనా, నేసేవాళ్లం మనం ఎవురు వద్దనేదానికి" అంటాడు. ఆ బట్టను నేను చేత్తో కూడా ముట్టను.

ఆ రోజు సంగతి నువ్వు మరిచిపోయినట్టున్నావు. మేనమామగా నేను తెచ్చిన చీరను పెళ్లికూతురి తల్లివి నువ్వు కళ్లకద్దుకుంటుంటే, నీ మొగుడు వచ్చి కొంగు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి, నూరు మంది ఎదుట ఏమన్నాడు? "ఇది మరమగ్గం బట్ట గదా బావా, సేత్తో నేసినానని యాల సెప్తావు" అన్నాడు. బస్సులకు గ్రీజు పూసే చేత్తో. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చాను. నా వెనక ఒక్కడు రాలేదు, ఆయనసలే రాలేదు.

కాబట్టి నాకు ఉత్తరం రాస్తే నీ గురించి రాయి, భవిత గురించి రాయి. ఆ మనిషి పేరు, ఆ పడవ పేరు మళ్లీ కనిపిస్తే ఉత్తరం చదవకుండా పొయ్యిలో పెడతాను.

ఆశీస్సులతో,
కోదండం


తిరుపతి,
18 జూన్ 2025

అన్నకు నమస్కారం.

నువ్వు వద్దన్నావు, నేను ఎత్తను. పేరు లేకుండానే రాస్తాను.

నాకు బట్ట కావాలి. రెండున్నర గజాలు. తెల్లది, రంగు వద్దు, అంచు వద్దు, పువ్వు వద్దు. సన్న నూలు, దగ్గర నేత, బరువు ఉండకూడదు. ఈ ఊళ్లో అంగళ్లన్నీ తిరిగాను. గొడుగు గుడ్డ చూశాను, లైనింగు గుడ్డ చూశాను, ఏదీ పనికిరాలేదు. నీ చేతి బట్టయితేనే సరిపోతుందని ఇక్కడ ఒకరి నోటి నుంచే వచ్చింది. ఆరేళ్లలో నీ మాట ఎత్తడం అదే మొదలు. ఎత్తి, మళ్లీ "ఎట్లా అడిగేది లే" అని గోడవైపు తిరిగాడు. అందుకే నేనే అడుగుతున్నాను. ఎవరికి, ఎందుకు అని నువ్వు అడగవద్దు, అడిగితే నేను చెప్పాలి, చెబితే నువ్వు పొయ్యిలో పెడతావు.

ఆలస్యం చేయవద్దు. వచ్చే నెల సగం దాటిందంటే ఇంక చేసేదేమీ ఉండదు. ఇంట్లో తిండీ లేదు, నిద్రా లేదు. మనిషి సగమయ్యాడు. భవితను కూడా బిడ్డతో వచ్చి ఒకసారి చూసి పొమ్మని రాశాను. నాకు ఓపిక అయిపోయింది అన్నా. ఏదో ఒకటి త్వరగా తెమిలిపోతే చాలనిపిస్తోంది.

ప్రసన్న


నగరి,
22 జూన్ 2025

ప్రసన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ వదినకు చదివి వినిపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నాకు అర్థమయింది. ఎందుకని నేను అడగను. అది కారణం అడిగే బట్ట కాదు. పుట్టింటి నుంచి రావలసిన బట్ట, నువ్వు అడగడం నీ ధర్మం, నేను నేసి ఇవ్వడం నా ధర్మం. కానీ ఇంతదాకా వచ్చాక గానీ నోరు విప్పలేదు చూడు, అది నాకు అసహ్యం. మొదటి ఉత్తరంలో పడవలూ పెనాలూ అని అంత సొద రాశావు, అసలు సంగతి ఒక్క ముక్క లేదు. నేనూ తక్కువ తినలేదు, నేను రాసిన జవాబు తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

మరమగ్గం బట్ట ఇవ్వను. ఇంటి వెనక నాయన కూర్చున్న గుంటమగ్గం ఉంది కదా, దాని మీద పాత ట్రంకుపెట్టెలు, చీపుర్లు, ఎలుకల పెంట. నిన్న అంతా శుభ్రం చేయించాను. ఇరవై ఏళ్లయింది నేను ఆ గుంటలో కాళ్లు పెట్టి. మోకాలు వంగలేదు, నాగరాజు చంకల కింద చేతులు వేసి దించాడు. పడుగు కట్టడం మొదలుపెట్టాను. మంచి గంజి పెట్టి బిగువుగా నేస్తాను. ఆ మనిషికి వంక పెట్టడానికి వీలు లేకుండా ఉండాలి.

ఎన్ని రోజులు ఉందో రాయి. దాన్ని బట్టి చెయ్యి ఆడిస్తాను. నువ్వు ధైర్యంగా ఉండు. పక్కన నలుగురు ఉన్నారా?

కోదండం


తిరుపతి,
27 జూన్ 2025

అన్నా,

నీ ఉత్తరం చదివి నాకు కళ్లు తిరిగాయి. నువ్వు గుంటలో దిగావా? ఈ పాటి పనికి నాగరాజు మగ్గం మీద ముక్క నేయించి పంపితే సరిపోయేది. అయినా ధర్మం అదీ ఇదీ అని అంత పెద్ద మాటలు ఎందుకు, నన్ను ఎగతాళి చేస్తున్నావని నాకు తెలియదా? చెయ్యి, చెయ్యి. బట్ట వస్తే చాలు.

రోజులంటావా, పదమూడో తేదీ ఆదివారం పొద్దున తొమ్మిదికని పాల్ ఖాయం చేశాడు. ఆటోలో పట్టదు, పడుకోబెట్టి తీసుకుపోవాలి కాబట్టి పాల్ చిన్న వ్యాను మాట్లాడాడు. చంద్రగిరి దారిలో ఒక చెరువు ఉంది, అక్కడికే. గట్టంతా కంపచెట్లూ బిర్యానీ పొట్లాలూ, నేను పోయి చూసి ముక్కు మూసుకుని తిరిగొచ్చాను. అయినా ఆయనకు అదే కావాలట.

పక్కన నలుగురా? నలభై మంది ఉన్నారు. కాలనీలో ఆడామగా అందరూ చూడటానికి వస్తామంటున్నారు. పాల్ భార్య గ్రేసీ వచ్చి, "పులిహోర నువ్వు సెయ్యక్కా, మజ్జిగ నేను తెస్తా" అని చెప్పి పోయింది. ఇదేమన్నా పండగా అని నాకు ఒళ్లు మండుతోంది. ఈయనకు మాత్రం ఆ రోజు ఎప్పుడు వస్తుందా అని ఒకటే ఆత్రం. పొద్దున కళ్లు తెరుస్తూనే ఇంకెన్ని రోజులని అడుగుతున్నాడు.

నీ బట్ట ఒక్కటే తక్కువ. జయరావు నూలు బేళ్లతో ఇటు వస్తుంటాడు కదా, అతనికిచ్చి పంపు.

ప్రసన్న


నగరి,
5 జూలై 2025

ప్రసన్నకు,

బట్ట జయరావు చేతికిచ్చాను, రేపు నీకు చేరుతుంది. ఉత్తరం మాత్రం పోస్టులోనే వేస్తున్నాను. ఇందులో ఉన్న మాటలు ఆ బట్టతో కలిపి పంపడానికి నాకు మనసొప్పలేదు.

ఇన్నాళ్లూ ముసుగు వేసి రాశాను, ఇంక తీసేస్తున్నాను. మన ఇళ్లలో అల్లుడు పోతే మీద కప్పే ఆఖరి బట్ట ఆడపిల్ల పుట్టింటి నుంచి రావాలి. నాయన పోయినప్పుడు మన మేనమామ తడ ఊరి నుంచి ఆ తెల్లబట్ట భుజాన వేసుకుని వచ్చాడు, నువ్వు చిన్నపిల్లవు. నువ్వు అంచు లేని తెల్లబట్ట అడిగిన రోజే సుబ్రమణ్యానికి రోజులు దగ్గరపడ్డాయని నాకు తెలిసింది. పేరు రాశాను చూడు. ఇంక నాకు ఆ పంతం లేదు.

పదకొండు రోజులు నేశాను. నాడెను పడుగు మధ్యకు విసిరినప్పుడల్లా ఆ మనిషి మీద ఉన్న కోపం ఒక పోగు తగ్గుతూ వచ్చింది. ఏడ్చాను కూడా, మగ్గం గుంటలో ఎవరూ చూడరు. ఆయనతో ఒక మంచి మాట చెప్పి పంపుదామనుకున్నాను.

అంతలో నీ జాబు వచ్చింది. ఊపిరి ఉన్న మనిషికి తేదీ ఖాయం చేస్తారా? తొమ్మిది గంటలకని వేళ కూడా పెట్టుకుంటారా? ఇప్పటి నుంచే వ్యాను మాట్లాడి, నలభై మందికి పులిహోర లెక్క చూస్తున్నావా? డాక్టర్లు ఊపిరి గొట్టాలు తీసే రోజు ముందే చెబుతారని నాగరాజు అంటున్నాడు, అదే నిజమైనా కట్టుకున్న ఆడది ఇట్లా రాస్తుందా? "తెమిలిపోతే చాలు" అన్నావు. "ఒళ్లు మండుతోంది" అన్నావు. ఛీ. నా తోడబుట్టిందానివేనా నువ్వు? ఆయన నన్ను నూరు మందిలో అవమానించినా నాకు ఇంత అసహ్యం కలగలేదు.

నేను రాను. వస్తే ఆ పులిహోర చూడాలి.

కోదండం


తిరుపతి,
15 జూలై 2025

అన్నకు,

ముందు ఇది చదువు. ఆయన చావడం లేదు. దుక్కలా ఉన్నాడు. ఆ బట్ట పడవ తెరచాపకు. పడవను నీళ్లలోకి వదిలే రోజు పదమూడు. వ్యాను పడవకు. పులిహోర చూడటానికి వచ్చేవాళ్లకు. ఆషాఢం గాలి తగ్గితే పడవ కదలదు కాబట్టి తొందర. నువ్వు పడవ పేరు ఎత్తవద్దన్నావు, నేను ఎత్తలేదు. తెరచాపకని నీకు తెలుసనే అనుకున్నాను.

ఇప్పుడు నా మాట విను. తొమ్మిదో తేదీ నీ ఉత్తరం వచ్చింది. గ్రేసీకి చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆ ఉత్తరం మళ్లీ చదివాను. బతికున్న మొగుడికి పులిహోర వండే ఆడదాన్నా నేను? యాభై ఆరేళ్లుగా చూస్తున్నావు, ఒక్క ఉత్తరానికే నన్ను అంత నీచంగా అనుకోగలిగావు. నీకు నా మీద అసహ్యం వేసింది కదా, నాకు నీ మీద అంతకు రెండింతలు వేసింది.

మా ఆయన నవ్వలేదు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మిద్దె మీదికి పోయాడు. బట్ట అందిన రోజే కత్తెర పెట్టేశాడు, తెరచాపలు రెండూ కుట్టడం కూడా అయిపోయింది. చాలాసేపటికి కిందికి వచ్చి, "ఇది బావ సేత్తో నేసినాడా? నాకనా?" అన్నాడు. అవునన్నాను. "తెలిసుంటే కత్తెర పెట్టేవాణ్ని కాదు గదా" అని తలుపు దగ్గరే కూర్చుండిపోయాడు. పడవ వద్దు, మానేద్దాం అన్నాడు. అందరికీ చెప్పుకున్నాం, భవిత కూడా వచ్చేసింది, ఇప్పుడు మానేస్తే ఎట్లా అని నేనే బలవంతం చేశాను.

ఆదివారం పోయాం. ఆ చెరువు గురించి ఏం రాయను? ఒడ్డున కోళ్ల ఈకల మూటలు, నీళ్ల మీద పచ్చటి మీగడ, ఒక పక్క గుర్రపుడెక్క నాచులా అల్లుకుపోయి ఉంది. పడవను దించేసరికి జనం అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, కళ్లతో చూసినవాడు ఒక్కడు లేడు. పాల్ పడవ వెనక పట్టుకుని గాలి వైపు తిప్పి వదిలాడు. ఒక్క నిమిషం తెరచాప లటపటలాడింది. ఈయన రిమోటుతో తాడు లాగాడు. అంతే, బట్ట నిండుగా ఉబ్బింది, పడవ ఒక పక్కకు ఒరిగి, అడుగున సీసం నిలబెట్టగా, నీళ్లు కోసుకుంటూ పోయింది. అబద్ధం ఎందుకు, నేను కూడా నోరు తెరుచుకుని చూశాను. చెరువు సగం దాకా పోయి, తిరిగి, గాలికి అడ్డంగా వంకర టింకరగా వెనక్కి వచ్చింది. మూడుసార్లు తిరిగింది. "సూడు, గుడ్డ ఎట్లా బిగిసి ఉండాదో" అని ఆయన పాల్‌కు నాలుగుసార్లు చెప్పాడు.

నాలుగోసారి నీ గంజి బయటపడింది. నీళ్లు చిమ్మి చిమ్మి గంజి కరిగిపోయింది. తెరచాప తడిసిన అంగవస్త్రంలా వేలాడింది. గాలి పట్టలేదు, చుక్కాని తిప్పినా మాట వినలేదు, పడవ కొట్టుకుపోయి గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. జనం కాసేపు నవ్వి, పులిహోర తిని వెళ్లిపోయారు. ఆకులు అక్కడే పారేశారు.

ఈయన చెప్పులు విడిచి నీళ్లలో దిగాడు. వద్దని నేనూ భవితా అరుస్తూనే ఉన్నాం. ఛాతీ దాకా ఆ మురికి. ముందు పడవను పట్టుకోలేదు అన్నా. తెరచాపలు రెండూ విప్పి తల మీద పెట్టుకుని గట్టుకు తెచ్చాడు. తర్వాత మళ్లీ పోయి పడవ లాక్కొచ్చాడు. ఒంటి నిండా జలగలు, కాళ్లకు దద్దుర్లు. దగ్గరికి పోతే ఆ కంపుకు నాకు నిజంగానే వాంతి అయింది. ఇప్పుడు పూత మందు రాసుకుని కూర్చున్నాడు.

ఆ బట్టను తనే ఏడు నీళ్లకు ఉతికాడు. నన్ను ముట్టనివ్వలేదు. ఆరేసి, మడతపెట్టి, బీరువాలో తన పంచెల కింద పెట్టుకున్నాడు. మళ్లీ పడవకు కడతావా అంటే, "కట్టను. అది నాకని వచ్చిన గుడ్డ. నాకే ఉండనీ" అన్నాడు.

ఇదీ జరిగింది. నువ్వు రాసిన "ఛీ" మాత్రం నేను ఇంకా మింగలేదు.

ప్రసన్న


నగరి,
20 జూలై 2025

ప్రసన్నా,

తప్పు నాది. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మీ వదిన నాతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు, నాకు వినపడదని తెలిసి కూడా.

పడవకని ఒక్క ముక్క రాసి ఉంటే గంజి ఉతికి పంపేవాణ్ని. అంత గంజి ఉన్న బట్టను ఎవడైనా నీళ్ల మీదికి పంపుతాడా? ముప్పై మూడేళ్లు ఆ బస్సులు ఎట్లా నడిచాయో నాకు అర్థం కాదు. ఇది కోపంతో రాసింది కాదు.

ఇంక అసలు సంగతి. నీ ఉత్తరంలో మొదటి వరుస చదివాను, "ఆయన చావడం లేదు" అని. అప్పుడు నాకు ఏమనిపించాలి? అమ్మయ్య అనిపించాలి. నా చెల్లెలి పసుపు కుంకుమలు నిలిచాయని దేవుడికి దండం పెట్టాలి. నాకు అట్లా అనిపించలేదు ప్రసన్నా. మోసం జరిగినట్టు అనిపించింది. పదకొండు రోజులు కూర్చుని ఆ మనిషిని క్షమించాను, ఆయన పోతే ఆ క్షమ నా దగ్గరే భద్రంగా ఉండేది. ఎదురుపడే పని లేదు, మాట్లాడే పని లేదు. బతికే ఉన్నాడనేసరికి అదంతా మళ్లీ ఆయన ముఖం చూసి చేయాలి. ఒక మనిషి బతికి ఉన్నందుకు నాకు విసుగు వచ్చింది. ఈ వయసులో నా లోపల ఇంత కుళ్లు ఉందని నాకు తెలియదు. నీ పులిహోర మీద ఛీ అన్నాను. ఆ మాట నాకు చెందింది.

ఇంకొకటి కూడా ఉంది. ఇది మీ వదిన వరదమ్మకు కూడా తెలియదు. ఆ చీర మరమగ్గం మీద నేసిందే. భవిత పెళ్లికి చేత్తో నేద్దామనే అనుకున్నాను, బద్ధకించాను, రోజులు దగ్గరపడ్డాయి, షెడ్డులోంచి ఒక మంచి చీర తీసి చేనేత అని చెప్పి తెచ్చాను. సుబ్రమణ్యం వేళ్ల మధ్య నలిపి చెప్పింది నిజం. అందుకే ఆకు ముందు నుంచి లేచాను. అబద్ధం అయి ఉంటే అక్కడే కూర్చుని గొడవ పడేవాణ్ని. ఆరేళ్లు ఆయన్ని తప్పుపట్టి, నిన్ను దూరం పెట్టి, భవిత బిడ్డను చూడకుండా ఉన్నది నా అబద్ధం దాచుకోవడానికి.

ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. ఆయన మీద విసుగు పడ్డానన్న ముక్క దాటవెయ్యకు, చీర ముక్కా దాటవెయ్యకు. విన్నాక ఆయన నన్ను ఏమన్నా పడతాను.

నేను వస్తే ఆయనకు ఇష్టం లేకపోతే ఒక కార్డు వెయ్యి. శనివారం దాకా కార్డు రాకపోతే ఆదివారం ఏడు గంటల బస్సుకు బయలుదేరుతాను.

కోదండం